పదిహేను దినములలోగా జవాబు రానిచో

మా తుంగచాపల, చీపుర్ల అభివృద్ధి సంస్థకి ఇరవైమూడేళ్ళుగా నష్టాలే. ఇందులో ఎవరి తప్పూ లేదు. ప్రతి ఏడూ మార్చి నెలాఖరుకి ఎంత నష్టమొచ్చిందో తేల్చుకుని, నిరుటికంటే తక్కువైతే మిఠాయి పంచుకునేవాళ్ళం, ఎక్కువైతే నెపం వర్షాల మీద పెట్టేవాళ్ళం. ఆ లెక్కలు రాసే సీనియర్ అసిస్టెంటుని నేనే. పేరు భానోజీరావు. మా ప్రధాన కార్యాలయం గోదావరి జిల్లాలో సీతంపాలెం అనే ఊళ్ళో ఉంది. రాష్ట్రస్థాయి సంస్థకి సీతంపాలెంలో ఏం పని అని అడగకండి. మొదటి ఛైర్మన్ గారి అత్తారిల్లు అక్కడే.

మా పని చాలా సులువు. లంకల్లో చాపలు నేసేవాళ్ళ దగ్గర చాపలు కొంటాం. వాటిని ప్రభుత్వ హాస్టళ్ళకి అమ్ముతాం. హాస్టళ్ళు మాకు డబ్బివ్వవు. కాబట్టి మేం నేతగాళ్ళకి డబ్బివ్వం. ఈ ఏర్పాటు అందరికీ అలవాటైపోయింది, నేతగాళ్ళకి తప్ప.

ఏడాదికోసారి ఆడిటరు వస్తాడు. వచ్చి, "మీ పుస్తకాల్లో ఫలానా హాస్టలు మీకింత బాకీ అని ఉంది. ఆ మాట హాస్టలు వాళ్ళు ఒప్పుకుంటూ రాసిన కాగితం చూపించండి" అంటాడు. మన పుస్తకంలో మనం రాసుకున్నది మన మాటే కదా, అవతలివాడి మాట కూడా కావాలని ఆ శాస్త్రం చెబుతుందట. అవతలివాడు చచ్చినా రాయడు. మొదట్లో ఒక వార్డెను గారు నా అవస్థ చూసి జాలిపడి, "నువ్వే రాసుకోవయ్యా, ఇదిగో నా స్టాంపు, నీ దగ్గరే ఉంచుకో" అన్నారు. మహానుభావుడు. ఆయన చూపించిన దారిలో నడిచి, పదేళ్ళలో నా బల్ల సొరుగులో నలభైమూడు హాస్టళ్ళ రబ్బరు స్టాంపులు పోగుచేశాను. మే నెలలో ఒక పూట కూర్చుంటే నలభైమూడు ధ్రువీకరణ పత్రాలు తయారయ్యేవి. దీన్ని మోసం అనుకునేరు. నలభైమూడుమంది వార్డెన్లకి పనిభారం తగ్గించడం ఇది.

ఈ ఏడు ఆడిటరు మారాడు. కొత్తాయన పేరు సుధాంశు. ముప్పై ఏళ్ళుంటాయి, సన్నగా ఉంటాడు, మా టీ కూడా తాగడు. అడిగితే స్వతంత్రత అన్నాడు. నేనిచ్చిన కట్ట తిరగేసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ తిరగేశాడు.

"నలభైమూడుమంది వార్డెన్లు ఒకే సిరాతో, ఒకే చేతిరాతతో, ఒకే రోజున రాశారేమిటండీ?" అన్నాడు.

"రాష్ట్రమంతటికీ ఒకే విధానం సార్" అన్నాను.

ఆయన నా సొరుగు తెరిపించి స్టాంపులన్నీ సంచీలో వేయించి లక్కతో సీలు వేయించాడు. తర్వాత మా మేనేజింగ్ డైరెక్టరు గారి గదిలో సమావేశం పెట్టారు.

మా ఎం.డి. విశ్వంభరరావు గారు పశుసంవర్ధక శాఖ నుంచి వచ్చిన మనిషి. ఈమధ్యే ఏదో కొండ మీద మూడు రోజుల శిక్షణకి వెళ్ళొచ్చారు. అప్పటినుంచి ఏ మాట రెండుసార్లు చెవిన పడినా అది విధానమైపోయేది.

"లోపలి సాక్ష్యం కన్నా బయటి సాక్ష్యం విలువైనది" అన్నాడు సుధాంశు. "కాబట్టి ఉత్తరాలు బయటివాళ్ళకి నిజంగా పంపాలి. జవాబులు మీకు కాదు, నేరుగా నాకు రావాలి. ఇందులో రెండు రకాలున్నాయి సార్. ఒకటి, అవునన్నా కాదన్నా జవాబు రాయమని అడిగేది. రెండోది, కాదంటేనే రాయమనేది. రెండోదానికి జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టు లెక్క. కాకపోతే అది చాలా బలహీనమైన సాక్ష్యం, ఉత్తరం అందినవాళ్ళు చదివి అర్థం చేసుకుంటారన్న నమ్మకం ఉంటేనే..."

ఎం.డి. గారు 'ఒప్పుకున్నట్టు లెక్క' దగ్గరే వినడం మానేశారు. ఆయన కళ్ళు మూసుకున్నారు. కొండ మీద నేర్పిన అలవాటట.

"అంటే, జవాబు రాకపోవడమే జవాబు" అన్నారు. "ఎంత పారదర్శకత! భానోజీరావ్, మినిట్సులో రాయండి."

రాశాను.

ఉత్తరం నమూనా సిద్ధమైంది. 'అయ్యా/అమ్మా, మా పుస్తకముల ప్రకారము మార్చి 31వ తేదీ నాటికి తమరు మా సంస్థకు ఈ దిగువ కనబరచిన మొత్తము బాకీయున్నారు. సదరు మొత్తముతో ఏకీభవించనియెడల ఆడిటరు వారికి నేరుగా తెలుపవలెను. పదిహేను దినములలోగా జవాబు రానిచో తమరు అంగీకరించినట్లు భావింపబడును.'

దీన్ని నలభైమూడు హాస్టళ్ళకి పంపితే గొడవే లేదు. అయితే మా ఖాతాల్లో మాకు ఇవ్వాల్సినవాళ్ళూ, మేం ఇవ్వాల్సినవాళ్ళూ ఒకే జాబితాలో ఉంటారు. మొత్తం పందొమ్మిది వందల పన్నెండు పేర్లు. అందులో పద్ధెనిమిది వందల అరవై తొమ్మిదిమంది నేతగాళ్ళు. వాళ్ళకి మేమే బాకీ. వాళ్ళకి వేరే నమూనా కావాలి. అది మా సంస్థలో కుదరదు. ఏ నమూనానైనా నమూనాల కమిటీ ఆమోదించాలి, ఆ కమిటీ ఏడాదికోసారి ఫిబ్రవరిలో కూర్చుంటుంది, కూర్చున్నప్పుడు ఒక్కటే ఆమోదిస్తుంది. ఈ ఒక్కదాన్నే ఎం.డి. గారు ప్రత్యేకాధికారంతో గట్టెక్కించారు.

'నేతగాండ్రకు మనమే బాకీయున్నందున ఈ నమూనా వర్తించదని మనవి' అని నేను నోటు పెట్టాను. 'నమూనా ఆమోదితము. పంపవలెను' అని ఎం.డి. గారు కింద రాశారు. నేను పంపించేశాను. నోటు పెట్టాక గుమాస్తా మనసు తేలికైపోతుంది. మా ఉద్యోగంలో ఉన్న సుఖమంతా ఆ నోటులోనే ఉంది. అప్పుడు నాకు సిగ్గు కూడా వేయలేదు, ఆ మాట ఇప్పుడు చెప్పుకోవాలి.

పదిహేను రోజులు గడిచాయి. ఇరవై ఏడు జవాబులొచ్చాయి. అన్నీ హాస్టళ్ళ నుంచే. అన్నిట్లోనూ 'మేము తమకు ఏమియు బాకీ లేము' అనే ఉంది. ప్రభుత్వోద్యోగులు కనుక కాదనడం వాళ్ళకి వచ్చు. నేతగాళ్ళలో ఒక్కరూ రాయలేదు. లంకల్లో మా సంస్థ కవరు చూసి చాలామంది బిల్లు శాంక్షనైందనుకున్నారట. పసుపుబొట్టు పెట్టి దేవుడి పటం వెనక పెట్టుకున్నారట.

ఆ రకంగా మేం నేతగాళ్ళకి ఇవ్వాల్సిన కోటీ పద్ధెనిమిది లక్షలు మాయమైంది. నేతగాళ్ళు మాకివ్వాల్సిన కోటీ పద్ధెనిమిది లక్షలు ప్రత్యక్షమైంది. రెండూ కలిపి, హాస్టళ్ళు కాదన్నదానితో సహా ఆ ఏటి నష్టం అరవై లక్షలూ తీసేస్తే, కోటీ డెబ్బై ఆరు లక్షల లాభం. కాగితం చేతిలో పట్టుకుని ఎం.డి. గారి గదిలోకి పరిగెత్తాను. సుధాంశు కూడా అక్కడే ఉన్నాడు.

"సార్, ఇది తప్పు. మనమే వాళ్ళకివ్వాలి" అన్నాను.

"ఎవరు చెప్పారు?" అన్నారు ఎం.డి. గారు.

"మన పుస్తకాలు చెబుతున్నాయి సార్."

"మన పుస్తకాలు లోపలి సాక్ష్యం భానోజీరావ్. వాళ్ళ మౌనం బయటి సాక్ష్యం. పద్ధెనిమిది వందల అరవై తొమ్మిది కుటుంబాలు ఏకగ్రీవంగా ఒక మాట చెబుతుంటే, మన సొంత పుస్తకం పట్టుకుని వాళ్ళని అబద్ధాలకోరులంటామా? పేదవాళ్ళంటే అంత చులకనా?"

సుధాంశు లేచి నిలబడ్డాడు. "సార్, నేను చెప్పినదానికి అర్థం అది కాదు. అది బలహీనమైన సాక్ష్యం అన్నాను."

"బలహీనమైనదే. కానీ సాక్ష్యం అన్నారు కదా" అన్నారు ఎం.డి. గారు ఆప్యాయంగా. "మినిట్సులో ఉంది. మీరు స్వతంత్రులు. మీ మాట మీరే కాదంటే ఇక మేమెవరిని నమ్ముకోవాలి చెప్పండి?"

సుధాంశు చివరికి ఒక అడ్డుపుల్ల వేశాడు. "సరే సార్. బాకీ ఉన్నట్టు చూపిస్తే, వసూలు చేసే ప్రయత్నం కూడా చూపించాలి. లేకపోతే నేను సంతకం పెట్టను" అన్నాడు. వసూలు అనేసరికి వెనక్కి తగ్గుతారని పాపం ఆయన ఆశ. పొద్దు గుంకేలోపల మా ఆఫీసులో వసూళ్ళ విభాగం వెలిసింది. దానికో బోర్డు, ఒక జీపు, జప్తులు చేయడానికి ఇద్దరు అమీన్లు.

ఇంతటితో ఆగితే మా ఎం.డి. గారు మా ఎం.డి. గారే కాదు. ఒక ఉదయం కిటికీ దగ్గర నిలబడి ఊరివైపు చూస్తూ, "భానోజీరావ్, మౌనం మన నేతగాళ్ళ దగ్గరే ఉందంటారా? ఈ జిల్లా మొత్తం మీద రోజుకి ఎంత మౌనం వృథాగా పోతోందో ఆలోచించారా?" అన్నారు.

ముందుగా మా ఊరి ఓటర్ల జాబితా తెప్పించారు. మనిషికి నాలుగు వేల చొప్పున బాకీ ఉన్నట్టు ఉత్తరాలు వెళ్ళాయి.

"వీళ్ళకి మనం చాప కూడా అమ్మలేదు కద సార్" అన్నాను.

"అమ్మలేదని వాళ్ళు రాయనీయండి. రాసినవాళ్ళ పేరు మర్యాదగా తీసేద్దాం" అన్నారు.

రాసినవాళ్ళు బహు కొద్దిమంది. ఊళ్ళో పేరున్న డాక్టరు గారు కోపంగా రెండు పేజీలు రాసి పంపారు గానీ, ఆ రాత కాంపౌండరుకి తప్ప ఎవరికీ అర్థం కాదు కనుక మౌనం కింద జమ కట్టారు. కొన్ని కవర్లు 'చిరునామాదారు కాలం చేసినారు' అన్న రాతతో వెనక్కొచ్చాయి. వాటి మీద ఎం.డి. గారు చాలాసేపు ఆలోచించి, 'కాదనలేదు' అని రాసి సంతకం చేశారు. జులై నెలాఖరుకి మా సంస్థ లాభం తొమ్మిది కోట్లు దాటింది. మేం అమ్మిన చాపలు ఆ ఏడు మొత్తం పదకొండు వందలు.

పత్రికల్లో మా ఎం.డి. గారి ఫోటో పడింది. ఇతర సంస్థల నుంచి అధికారులు వచ్చి మా మౌనాన్ని అధ్యయనం చేసి వెళ్ళారు. ఆగస్టులో ఉత్తమ సంస్థ పురస్కారం ఇస్తామని, మంత్రిగారే స్వయంగా వస్తారని కబురొచ్చింది. ఆఫీసుకి సున్నం వేయించారు.

సున్నం వేస్తున్న రోజునే నూకరత్నం వచ్చింది.

చినలంక నుంచి వచ్చింది ఆవిడ. యాభై దాటాయి. మొగుడు పోయాక మగ్గం మీదే ఇల్లు నడుపుతోంది. ఏడేళ్ళ కిందట మాకు ఆరువందల ఇరవై చాపలు, చాప తొంభై అయిదు చొప్పున వేసింది. మొత్తం యాభై ఎనిమిది వేల తొమ్మిది వందలు. ఆ డబ్బు కోసం ఏడేళ్ళుగా నెలకోసారి రేవు దాటి వచ్చి అడిగి వెళ్ళేది. ఈసారి చేతిలో రెండు కాగితాలున్నాయి. ఒకటి పసుపు మరకలతో ఉంది. రెండోది వసూళ్ళ విభాగం నోటీసు. ముప్పై రోజుల్లో యాభై ఎనిమిది వేల తొమ్మిది వందలు కట్టకపోతే మగ్గమూ, ఇంట్లో ఉన్న తుంగా జప్తు చేస్తామని అందులో ఉంది.

"బాబుగారూ, ఇది బిల్లు శాంక్షనైన కాయితం కాదాండీ?" అంది పసుపు మరకల కాగితం చూపిస్తూ.

"కాదమ్మా. నువ్వు మాకు బాకీ ఉన్నావని."

ఆవిడ నవ్వింది. నేను వేళాకోళం ఆడుతున్నాననుకుంది. "బలేవోరే. సాపలు నేనిచ్చానండి. డబ్బులు మీరివ్వాలండి. ఆరొందలిరవై సాపలని మీ సేత్తోనే కదండీ రాసుకున్నారు?"

"నేనే రాసుకున్నాను."

"మరింకేటండీ?"

"పదిహేను రోజుల్లో నువ్వు కాదని రాయలేదు."

"ఇలాగ అడుగుతారని తెలిస్తే కదండీ కాదని రాయడానికి! మా పక్కింటోళ్ళ గేదె నాదని నేను రాయలేదండి. నాది కాదనీ రాయలేదండి. అయితే ఆ గేదె ఎవరిదండీ?" అంది. ఇంతలో రెండో కాగితం గుర్తొచ్చి ఆవిడ మొహంలో నవ్వు పోయింది. "నిన్న జీపులో ఇద్దరొచ్చారండి. మగ్గం కొలతలు రాసుకెళ్ళారండి. అది అట్టుకెళ్ళిపోతే నేనేం తిని బతకాలండీ?"

లేచి ఆవిణ్ణి ఎం.డి. గారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన చాలా మర్యాదగా విన్నారు.

"చూడమ్మా, నీ బాధ నాకు అర్థమైంది. కానీ నువ్వు మా గదిలో, మా ఫ్యాను కింద నిలబడి చెబుతున్నావు. అంటే మా ప్రభావంలో ఉన్నావు. ఇలా చెప్పిన మాటకి స్వతంత్రత ఉండదు. సాక్ష్యం బయటి నుంచి రావాలి" అన్నారు.

"బయటి నుంచి సెప్తే సరిపోద్దాండీ?" అని అడిగింది నూకరత్నం. చెప్పులు చేత్తో పట్టుకుని చకచకా బయటికి నడిచి, వరండా చుట్టూ తిరిగి, సున్నం డబ్బా పక్కన నిలబడి, కిటికీ ఊచల్లోంచి గట్టిగా అరిచింది. "అయ్యా బాబూ! నేను మీకు పైసా బాకీ లేదండి! మీరే నాకు బాకీ అండి! ఊరంతా ఇనండి!"

సున్నం వేసేవాళ్ళు విన్నారు. ఎం.డి. గారూ విన్నారు. "గడువు దాటింది" అని కిటికీ తలుపు వేయించారు.

ఇరవైమూడేళ్ళలో ఎంతోమంది నా బల్ల ముందు నిలబడి ఏడ్చారు. నేను నోటు పెట్టి టీకి వెళ్ళిపోయేవాణ్ణి. ఆ రోజు మాత్రం నా మీద నాకే అసహ్యం వేసింది. ఆ ఆరువందల ఇరవై చాపలూ నేనే లెక్కపెట్టాను. ఒక్కటి కూడా లోటు లేదు. అంచులు ఎంత నీటుగా మడిచిందో నాకు గుర్తుంది. ఆవిణ్ణి ఎదురుగా ఉన్న టీ కొట్టుకి తీసుకెళ్ళి, తెల్లకాగితం కొని, మా నమూనానే తిరగేసి రాశాను.

'అయ్యా, నా లెక్క ప్రకారము తమ సంస్థ నాకు రూ. 58,900 బాకీయున్నది. సదరు మొత్తముతో ఏకీభవించనియెడల తెలుపవలెను. పదిహేను దినములలోగా జవాబు రానిచో తమరు అంగీకరించినట్లు భావింపబడును.'

ఆవిడ ఒక్కో అక్షరమే కూడబలుక్కుని సంతకం పెట్టింది. ఆడిటరు గారికో నకలు కూడా రాశాను.

"జవాబు ఇచ్చేత్తారేమోనండీ?" అంది భయంగా.

"మా ఆఫీసు పెట్టిన దగ్గర్నుంచీ ఏ ఉత్తరానికీ పదిహేను రోజుల్లో జవాబు వెళ్ళలేదమ్మా. మా మీద ఆ మాత్రం నమ్మకం పెట్టుకో" అన్నాను.

రిజిస్టరు పోస్టులో ఉత్తరం మర్నాడే మా ఆఫీసుకి చేరింది. మూడు రోజులు టపా విభాగంలో ఉండి నెంబరు వేయించుకుంది. నాలుగో రోజు కొనుగోళ్ళ విభాగానికి వెళ్ళింది. 'ఇది బాకీ విషయము, చాపల విషయము కాదు' అని వాళ్ళు వసూళ్ళకి తోశారు. 'మేము పుచ్చుకొనుటకే గాని ఇచ్చుటకు నియమింపబడలేదు' అని వసూళ్ళవాళ్ళు న్యాయ విభాగానికి పంపారు. న్యాయ సలహాదారు నాలుగు రోజులు చదివి, 'బాకీ ఉన్నదన్న ఒప్పుకొన్నట్లగును. లేదన్న వివాదమగును. ఏమియు అనకుండుట క్షేమము' అని రాశారు. ఎం.డి. గారికి మాత్రం ఎక్కడో అనుమానం తగిలింది. పదమూడో రోజు సాయంత్రం ఫైలు నా బల్ల మీదికొచ్చింది. 'అకౌంట్సు: బాకీ లేదని వెంటనే జవాబు పంపవలెను' అని ఎర్ర సిరాతో ఉంది.

ఒక్క వాక్యం. రాసి, స్టాంపు గుద్ది, పోస్టులో వేస్తే అయిపోతుంది. నాకింకా నాలుగేళ్ళ సర్వీసుంది. చిన్నమ్మాయి చదువు పూర్తి కాలేదు. కలం మూత తీశాను. 'బాకీ లేదు' అని రాయాలి. ఆరువందల ఇరవై చాపలు. కలం మూత పెట్టేశాను. ఫైలు బీరువాలో పెట్టి, కడుపునొప్పి అని రెండు రోజులు సెలవు చీటీ రాసిచ్చి ఇంటికెళ్ళిపోయాను. ఆ రెండు రోజులూ నాకు నిజంగానే కడుపులో తిప్పింది.

పదహారో రోజు పొద్దున్నే సుధాంశు వచ్చాడు. చేతిలో నకలుంది, ఉత్తరం అందినట్టు మా టపావాళ్ళు సంతకం చేసిన రసీదుంది. నడకలో హుషారు కనబడింది.

"సార్, నూకరత్నం గారికి మీరు బయటి పక్షం" అన్నాడు. "మీ మౌనం ఆవిడకి బయటి సాక్ష్యం. యాభై ఎనిమిది వేల తొమ్మిది వందలు మీరు ఒప్పుకున్నారు."

"ఇదేం అన్యాయం!" అన్నారు ఎం.డి. గారు. "జవాబివ్వకపోవడం మా ఆనవాయితీ. దానికి అర్థాలు తీస్తారా?"

"అలాగే సార్. మౌనానికి అర్థం లేదని రిపోర్టులో రాసేస్తాను. నా పని కూడా సులువవుతుంది" అని కలం తీశాడు సుధాంశు.

ఎం.డి. గారు కళ్ళు మూసుకున్నారు. సభ సోమవారం. మంత్రిగారికి శాలువా కూడా కొన్నారు. మౌనానికి అర్థం లేకపోతే తొమ్మిది కోట్లు పోతాయి. ఉంటే యాభై ఎనిమిది వేల తొమ్మిది వందలు పోతాయి. పశుసంవర్ధక శాఖలో పనిచేసినా ఆయనకి ఆ మాత్రం లెక్క వచ్చు. కళ్ళు తెరిచి, "భానోజీరావ్, చెక్కు రాయండి. నోటీసు రద్దు చేయండి. ఎవరికీ చెప్పకండి" అన్నారు.

ఇరవైమూడేళ్ళలో నేనంత గబగబా రాసిన కాగితం ఇంకొకటి లేదు.

నూకరత్నం చెక్కు పుచ్చుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. ఈసారి పొరపాటు పడదలుచుకోలేదు. "ఇది నేను మీకివ్వాలని కాదు కదాండీ?" అని రెండుసార్లు అడిగింది. కాదని రెండుసార్లు చెప్పాను. కళ్ళు తుడుచుకుని బల్ల ముందు కూర్చుంది.

"ఏడేళ్ళు నోరారా అడిగానండి. ఒక్కరూ పలకలేదండి. ఇప్పుడీ ముక్కకి ఇచ్చేశారేటండీ?"

"అప్పుడూ మేం పలకలేదమ్మా, ఇప్పుడూ పలకలేదు. ఇప్పుడు పలక్కపోతే మాకు నష్టం" అన్నాను.

ఆవిడ చెక్కు మడిచి కొంగున ముడేసుకుంది. "మా లంకలో నలబై మగ్గాలున్నాయండి బాబూ. అందరికీ నోటీసులొచ్చాయండి. అందరికీ ఒక్కో ముక్క రాసి పెడతారాండీ?"

సోమవారం సభ జరిగింది. శాలువాలు కప్పుకున్నారు. మంగళవారం చినలంక నుంచి నలభై రిజిస్టరు ఉత్తరాలొచ్చాయి. బుధవారం పక్క లంక నుంచి అరవై. ఎం.డి. గారు ఉత్తరాలు తీసుకోవద్దని టపాకి తాళం వేయించారు. చేతికిచ్చిన ఉత్తరం వద్దన్నా అందినట్టే లెక్క అని సుధాంశు సెలవిచ్చాడు. అప్పుడు పదిహేను రోజుల్లో అన్నిటికీ జవాబులు రాయాలని ఉత్తర్వు వేశారు. ఆ ఉత్తర్వు మా బల్లలన్నీ తిరిగి రావడానికి పద్ధెనిమిది రోజులు పట్టింది. రోజుకి పాతిక ముప్పై చెక్కులు రాస్తున్నాను. చేతివేళ్ళు నొప్పెడుతున్నాయి. హాయిగా ఉంది.

ఉత్తరాలన్నీ ఒకే చేతిరాతలో ఉన్నాయని ఎం.డి. గారు ఆలస్యంగానైనా కనిపెట్టారు. నిన్నటికి పదిహేను రోజుల కిందట నాకో మెమో వచ్చింది. 'తమరు ఒకటి, ఆమోదిత నమూనాను తలకిందులు చేసి బయటివారికి వ్రాసి యిచ్చినారు. రెండు, నూకరత్నం ఫైలును ఉద్దేశపూర్వకముగా బీరువాలో నుంచినారు. మూడు, కడుపునొప్పి లేకయే సెలవు పెట్టినారు. పదిహేను దినములలోగా సంజాయిషీ రానిచో పై ఆరోపణలన్నియు అంగీకరించినట్లు భావింపబడును.'

ఇంట్లో మా ఆవిడ రోజూ గుర్తు చేసింది. ఉద్యోగం పోతుంది, ఏదో ఒకటి రాసిపడేయండి అని బతిమాలింది. సుధాంశు కూడా వచ్చి, మూడోదాన్ని గట్టిగా కాదనవచ్చు, పదహారో రోజున నా మొహం చూసిన తాను సాక్ష్యం చెబుతానన్నాడు. తెల్లకాగితం ముందు పెట్టుకుని చాలాసార్లు కూర్చున్నాను. కడుపునొప్పి సంగతొకటి పక్కన పెడితే రాసినవన్నీ నిజాలే. మా సంస్థలో నిజం రాసి ఉన్న కాగితాన్ని నేను చూడటం ఇదే మొదటిసారి.

నిన్న సాయంత్రం అయిదింటికి గడువు తీరిపోయింది. నేను జవాబు రాయలేదు.